కెనడాలో లా సీటు: రెండు మూడు ఆఫర్లు చేతికొస్తే ఏది పట్టుకోవాలి?

పోయిన ఏడాది ఉగాదికి కాల్గరీలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. బయట మంచు ఇంకా కరగలేదు. లోపల డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క ఉగాది పచ్చడి గిన్నె, ఇంకో పక్క మా మేనకోడలి లాప్‌టాప్, దాని ముందు మూడు ప్రింటవుట్లు. ఒకటి టొరంటోలోని ఆస్గూడ్ హాల్ లా స్కూల్‌ది, ఒకటి హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీది, ఒకటి ఉన్న ఊళ్లోని కాల్గరీ యూనివర్సిటీది. "మావయ్యా, నిద్ర పట్టట్లేదు. సీటు రాకపోతే ఒక టెన్షన్, మూడొస్తే ఇంకో టెన్షన్" అంది. బావగారు అప్పటికే తేల్చేశారు: "ఇందులో ఆలోచించడానికి ఏముంది? పేరున్నది ఆస్గూడే కదా!" అక్క ఏమీ అనలేదు. పిల్ల ఇల్లు దాటి వెళ్తుందా లేదా అన్నదొక్కటే ఆవిడ బెంగ.

నేను ఉస్మానియాలో ఎల్‌ఎల్‌బీ చదివి, ఇక్కడికి వచ్చాక మళ్లీ పరీక్షలు రాసి ఒంటారియోలో లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి. కెనడాలో లా స్కూల్ గడప తొక్కకుండానే లాయర్ అయ్యాను కాబట్టి, లా స్కూల్ మనిషికి ఏమిస్తుందో, ఏమివ్వదో కాస్త దూరం నుంచి స్పష్టంగా చూశాను. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఏ వరసలో లెక్క తేల్చామో అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక పాత అలవాటు వదిలించుకోవాలి. మన దగ్గర ఎంసెట్ అయినా లాసెట్ అయినా ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లలో కాలేజీలను పైనుంచి కిందికి వరసగా పెడతాం, పై కాలేజీ దొరికితే కింది కాలేజీ వైపు చూడం. కెనడాలో అలాంటి నిచ్చెన లేదు. దేశంలో లాయర్లకు లైసెన్సులిచ్చే లా సొసైటీలన్నీ కలిసి పెట్టుకున్న ఫెడరేషన్ గుర్తించిన కామన్ లా జేడీ (అంటే మూడేళ్ల లా డిగ్రీ) ఏదైనా సరే, క్యూబెక్ తప్ప మిగతా ఏ ప్రావిన్సులోనైనా లైసెన్సు దారిలో అడుగు పెట్టడానికి సమానంగా పనికొస్తుంది. థండర్ బేలోని లేక్‌హెడ్ పట్టాకూ టొరంటో యూనివర్సిటీ పట్టాకూ లా సొసైటీ గుమ్మం దగ్గర తేడా లేదు. తేడా వచ్చేది ఉద్యోగం దగ్గర, అప్పు దగ్గర. పట్టా దేశమంతా చెల్లుతుంది కానీ పరిచయాలు ఊరు దాటవు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువుగా తెగుతాయి.

మొదటి మెట్టు: ఆఫర్ ఉత్తరాన్ని పూర్తిగా చదవండి

మా మేనకోడలు మూడు ఉత్తరాల్లోనూ మొదటి పేరా మాత్రమే చదివింది. "అభినందనలు" అన్న మాట కనబడగానే కళ్లు ముందుకు కదలవు, అది సహజమే. అయినా రెండో పేజీలోనే అసలు సంగతులు ఉంటాయి. ఒక పెన్ను తీసుకుని నాలుగు విషయాల కింద గీత గీయమన్నాను: జవాబు చెప్పాల్సిన ఆఖరి తేదీ, కట్టాల్సిన డిపాజిట్, అది వెనక్కి వస్తుందా రాదా, షరతులేమైనా ఉన్నాయా. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ పంపడం, డిగ్రీ పూర్తి చేయడం, మార్కులు ఫలానా స్థాయికి తగ్గకపోవడం లాంటివి సాధారణంగా ఉండే షరతులు. తేదీతో పాటు ఏ ఊరి టైమో కూడా రాసుకోండి. కాల్గరీలో రాత్రి పది గంటలంటే హాలిఫాక్స్‌లో ఒంటిగంట, అంటే తేదీ మారిపోయినట్టే.

ఒంటారియో లా స్కూళ్లకు దరఖాస్తులు ఓల్సాస్ అనే ఉమ్మడి పద్ధతిలో వెళ్తాయి కాబట్టి అక్కడ ఒక ప్రత్యేకత ఉంది. ఆఫర్‌ని ఒప్పుకోవడం రెండు రకాలు. ఫర్మ్ అని ఒప్పుకుంటే మిగతా ఒంటారియో స్కూళ్ల తలుపులు మూసుకుంటాయి. ప్రొవిజనల్ అని ఒప్పుకుంటే సీటు మీ చేతిలో ఉంటుంది, ఇంకో స్కూల్ నుంచి పిలుపు వస్తే మారే అవకాశమూ ఉంటుంది, కానీ ఒక గడువు దాటాక అది తనంతట తానే ఖరారైపోతుంది. ఆ గడువు ఏ ఏటికా ఏడు ఓల్సాస్ వాళ్ల పేజీలో ఉంటుంది, ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మిగతా ప్రావిన్సుల్లో ఏ స్కూల్‌కి ఆ స్కూల్ నియమాలే. ఒక చోట డిపాజిట్ కట్టి ఇంకో చోట ఎదురుచూడొచ్చా అన్నది ఉత్తరంలోనే రాసి ఉంటుంది. రాసి లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

డిపాజిట్ కొన్ని వందల డాలర్లు పోతుందని భయపడి సరిపడని చోట మూడేళ్లు చదవడం తెలివైన పని కాదు. పోతే పోనీ.

రెండో మెట్టు: మీ చేతిలో ఉన్నది ఏ రకం డిగ్రీ?

ఇది చిన్న మెట్టే కానీ ఇక్కడ కాలు జారితే లేవడం కష్టం. కెనడాలో చట్టం రెండు రకాలు. క్యూబెక్‌లో ఆస్తి, ఒప్పందాలు, కుటుంబం లాంటి వ్యక్తుల మధ్య వ్యవహారాలకు ఫ్రెంచి సంప్రదాయం నుంచి వచ్చిన సివిల్ లా, మిగతా దేశమంతా మనకు అలవాటైన ఇంగ్లిష్ కామన్ లా. క్రిమినల్ లా మాత్రం దేశమంతటికీ ఒకటే. మాంట్రియల్, లవాల్ లాంటి యూనివర్సిటీల డిగ్రీ ప్రధానంగా సివిల్ లా, అదీ ఫ్రెంచిలో. మెగిల్ రెండూ కలిపి చెబుతుంది. బీసీఎల్ (సివిల్ లా పట్టా), జేడీ రెండు పట్టాలూ ఇస్తుంది, చదవడానికీ వినడానికీ సరిపడా ఫ్రెంచి రావాలి. ఒట్టావా యూనివర్సిటీలో కామన్ లా, సివిల్ లా రెండు వేరు వేరు విభాగాలు. మీకు వచ్చిన ఆఫర్ ఏ విభాగానిదో చూసుకోండి. మోంక్టన్‌లో కామన్ లానే చెబుతారు, కాకపోతే ఫ్రెంచిలో.

విండ్సర్‌లో మామూలు జేడీ ఒకటి, నది అవతలి డెట్రాయిట్ మెర్సీ యూనివర్సిటీతో కలిసి ఇచ్చే డ్యుయల్ జేడీ ఇంకొకటి. మూడేళ్లలో రెండు దేశాల పట్టాలు చేతికొస్తాయి, కానీ ఫీజు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. అమెరికాలో ప్రాక్టీస్ చేయాలన్న ఉద్దేశం నిజంగా ఉంటే తీసుకోండి. "ఎందుకైనా మంచిది, ఉంటే పోలా" అన్న లెక్కతో మాత్రం వద్దు.

ఇండియాలో ఇప్పటికే లా చదివినవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది. ఎన్‌సీఏ అనే కమిటీ విదేశీ లా డిగ్రీలను చూసి, ఏయే సబ్జెక్టుల్లో పరీక్షలు రాయాలో చెబుతుంది. రాజ్యాంగం, క్రిమినల్, అడ్మినిస్ట్రేటివ్ లా, కెనడా న్యాయవ్యవస్థ పునాదులు, వృత్తి బాధ్యతలు తప్పవు. వాటి మీద ఇంకొన్ని కలవచ్చు. ఇంట్లో కూర్చుని చదివి ఆ పరీక్షలు రాయొచ్చు. లేదా ఆస్గూడ్, యూబీసీ (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ) లాంటి చోట్ల ఇందుకోసమే ఉన్న కామన్ లా ఎల్‌ఎల్‌ఎం చేయొచ్చు. మీ చేతిలో జేడీ ఆఫర్ ఉన్నా సరే, ముందు ఎన్‌సీఏ అసెస్‌మెంట్ తెప్పించుకోండి. మూడేళ్ల ఫీజు ఒక వైపు, కొద్దిపాటి పరీక్షలు ఇంకో వైపు పెట్టి చూసుకోండి. నేను పరీక్షల దారిలోనే వచ్చాను. డబ్బు మిగిలింది. కానీ క్లాసులో పక్కన కూర్చున్న స్నేహితుడు లేడు, సిఫారసు ఉత్తరం రాసే ప్రొఫెసర్ లేడు, లా స్కూల్ పిల్లల కోసం నడిచే నియామకాల గురించి నాకు తెలిసేసరికి అవి అయిపోయేవి. ఆర్టిక్లింగ్ దొరకడానికి నాకు ఏడాది పైనే పట్టింది. జేడీకి కట్టే డబ్బులో చాలా భాగం పాఠాలకు కాదు, ఈ మనుషుల కోసమే.

మూడో మెట్టు: ఏ ఊళ్లో పని చేస్తారో ముందు చెప్పండి

మా మేనకోడలిని నేను అడిగిన మొదటి అసలు ప్రశ్న ఇదే. "చదువు సంగతి పక్కన పెట్టు. నాలుగేళ్ల తర్వాత సోమవారం పొద్దున ఏ ఊళ్లో ఆఫీసుకి వెళ్తున్నావు?" తను కాసేపు టేబుల్ మీది పచ్చడిలోంచి మామిడి ముక్కలు ఏరుకుంటూ కూర్చుంది. తర్వాత "ఇక్కడే" అంది. "అమ్మ మోకాళ్లు చూస్తున్నావు కదా మావయ్యా."

ఈ ప్రశ్న ముందు ఎందుకంటే, కెనడాలో లా స్కూల్ అయిపోగానే లాయర్ అయిపోరు. లైసెన్సు ఇచ్చేది ప్రావిన్సు. చాలా చోట్ల ఆర్టిక్లింగ్ చేయాలి, అంటే లైసెన్సున్న లాయర్ దగ్గర నెలల తరబడి పని నేర్చుకోవాలి. మన దగ్గర సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడం లాంటిదే, కాకపోతే ఇక్కడ అది పూర్తి కాకుండా లైసెన్సు రాదు. ఒంటారియోలో అది 8 నుంచి 10 నెలలు. ఆల్బెర్టా లాంటి చోట్ల దానికి తోడు ఒక శిక్షణ కోర్సు కూడా ఉంటుంది. ఆ ఆర్టిక్లింగ్ చోటు ఎక్కడ దొరుకుతుందన్నదే మీ మొదటి పదేళ్లను చాలావరకు నిర్ణయిస్తుంది.

పెద్ద ఫర్మ్‌లు ఆర్టిక్లింగ్ కుర్రాళ్లను ఎక్కువగా రెండో ఏడాది వేసవిలో తమ దగ్గర పనిచేసినవాళ్లలోంచే తీసుకుంటాయి. ఆ వేసవి ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పటికి మీ దగ్గర ఉండేది మొదటి ఏడాది మార్కులే. టొరంటోకి ఒక నియామక క్యాలెండర్, వాంకూవర్‌కి ఒకటి, కాల్గరీకి ఒకటి. టొరంటోలో పెద్ద ఫర్మ్‌లుండే బే స్ట్రీట్ ఆఫీసులు దేశంలోని చాలా లా స్కూళ్ల నుంచి మనుషులను తీసుకుంటాయి, నిజమే. కానీ ఎక్కువమంది దగ్గరలో ఉన్న స్కూళ్లవాళ్లే. సాయంత్రం జరిగే ఫర్మ్ పరిచయ సభకి మెట్రో ఎక్కి వెళ్లేవాడికీ, విమానం ఎక్కి వెళ్లాల్సినవాడికీ తేడా ఉండదా! చిన్న ఫర్మ్‌ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. రెడ్ డీర్‌లోనో లెత్‌బ్రిడ్జ్‌లోనో ముగ్గురు లాయర్లున్న ఆఫీసు ఇంటర్వ్యూకి హాలిఫాక్స్ నుంచి ఎవరినీ పిలవదు. పిలిచినా "ఈ పిల్ల ఇక్కడ ఉంటుందా, వెళ్లిపోతుందా?" అన్న అనుమానం వాళ్లకు ఉంటుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని ఇలా రాయండి: ఊరు, చేయాలనుకునే పని, దానికి దగ్గరున్న స్కూల్. ఏ ఊరో తేలకపోతే, పని నుంచి మొదలుపెట్టండి. కార్పొరేట్ లావాదేవీలే చేయాలని గట్టిగా ఉంటే టొరంటో బలం వేరు, అందులో దాపరికం లేదు. చమురు, గ్యాసు, ఇంధన చట్టం అంటే కాల్గరీ. ప్రభుత్వ విధానాలు, టెక్నాలజీ చట్టం అంటే ఒట్టావా, పార్లమెంటూ సుప్రీంకోర్టూ నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. ఆదివాసీ ప్రజల చట్టాల మీద పని చేయాలంటే విక్టోరియా, లేక్‌హెడ్, సస్కాచెవాన్ ముందు చూడాలి. విక్టోరియాలో చదువు మధ్యలోనే జీతం వచ్చే కో-ఆప్ పద్ధతి కూడా ఉంది. సముద్ర చట్టం అంటే డల్‌హౌసీ.

ఊరు, పని రెండూ తేలలేదా? ఇరవై రెండేళ్లకు తేలకపోవడం తప్పేమీ కాదు. అలాంటప్పుడు అప్పు తక్కువయ్యే స్కూలే తీసుకోండి. మనసు మారినా మోయగలిగేంత బరువే ఉంటుంది.

ఆర్టిక్లింగ్ అంటే భయం ఉన్నవాళ్లకు ఒక మాట. లేక్‌హెడ్‌లోని బోరా లాస్కిన్ లా ఫ్యాకల్టీ 2013లో, టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలోని లింకన్ అలెగ్జాండర్ లా స్కూల్ 2020లో మొదలయ్యాయి. ఈ రెండింట్లో వృత్తి శిక్షణను మూడేళ్ల చదువులోనే కలిపేశారు. అక్కడ చదివి ఒంటారియోలో లైసెన్సు తీసుకునేవాళ్లు విడిగా ఆర్టిక్లింగ్ చేయక్కర్లేదు. కొత్త స్కూళ్లని చాలామంది తీసిపారేస్తారు. నేనైతే ఆర్టిక్లింగ్ వేటలో ఏడాది పోగొట్టుకున్నవాణ్ణి, తీసిపారేయలేను. వేరే ప్రావిన్సులో స్థిరపడాలనుకుంటే మాత్రం ఈ వెసులుబాటు అక్కడ ఎలా వర్తిస్తుందో ఆ ప్రావిన్సు లా సొసైటీని ముందే అడగండి.

నాలుగో మెట్టు: డబ్బు లెక్క కాగితం మీద వేయండి

మన ఇళ్లలో ఈ మెట్టు దగ్గర మాటలు తగ్గిపోతాయి. "చదువుకి ఖర్చు పెట్టకపోతే దేనికి పెడతాం" అని బావగారు అన్నారు. మంచి మాటే, కానీ అది లెక్క కాదు కదా.

ఫీజుల్లో తేడా చాలా పెద్దది. టొరంటో యూనివర్సిటీ లా ఫీజు కెనడావాళ్లకే ఏడాదికి 33 వేల డాలర్లు దాటుతుంది. పడమటి ప్రావిన్సుల్లో, అట్లాంటిక్ తీరంలో చాలా స్కూళ్లు అందులో సగం చుట్టుపక్కలే ఉంటాయి. ఒంటారియోలో ఆ ప్రావిన్సువాళ్లకు ఒక ఫీజు, బయటి ప్రావిన్సు నుంచి వచ్చేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. క్యూబెక్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. మా మేనకోడలు ఆల్బెర్టా పిల్ల కాబట్టి ఆస్గూడ్ ఫీజు చూసేటప్పుడు "ఒంటారియో వాసులకు" అన్న వరస కాకుండా దాని కింది వరస చూడాల్సి వచ్చింది. ఇంట్లో అందరూ పై వరసే చూసి లెక్క వేసుకున్నారు.

ప్రతి ఆఫర్‌కీ మూడేళ్లకి కలిపి ఒక మొత్తం తేల్చండి. ట్యూషన్, ఇతర ఫీజులు, పుస్తకాలు, అద్దె, తిండి, బస్ పాసు, చలికాలం బట్టలు, ఏడాదికి రెండు సార్లు ఇంటికి వచ్చిపోయే టికెట్లు. దాని మీద ఆర్టిక్లింగ్ ఏడాదిలో లైసెన్సు ఫీజులు. అందులోంచి ఖాయంగా వచ్చే స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి, రావచ్చేమో అన్నవి తీసేయొద్దు. స్కాలర్‌షిప్ ఉత్తరం వస్తే అడగాల్సినవి రెండే: ఇది మూడేళ్లూ వస్తుందా, మొదటి ఏడాదికేనా? కొనసాగాలంటే మార్కుల షరతు ఏమైనా ఉందా? లా స్కూళ్లలో మార్కులు కర్వ్ మీద ఇస్తారు, అంటే క్లాసులో ఇంతమందికే ఇంత గ్రేడ్ అని ముందే అంచనా ఉంటుంది. అందరూ డిగ్రీలో టాపర్లే. కాబట్టి "నాకు ఎప్పుడూ ఏ ప్లస్సే కదా" అన్న ధీమాతో మార్కుల షరతున్న స్కాలర్‌షిప్‌ని లెక్కలో వేసుకోకండి. బర్సరీలు, అంటే అవసరాన్ని బట్టి ఇచ్చేవి, చాలా చోట్ల చేరాకే తేలుతాయి. పోయినేడు మీలాంటి కుటుంబానికి సగటున ఎంత ఇచ్చారని ఆఫీసుని అడగొచ్చు, తప్పు లేదు.

ఇక అప్పు. ఫెడరల్ స్టూడెంట్ లోన్‌కి 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ లేదు, కాబట్టి ముందు అది పూర్తిగా వాడుకోండి. చాలకపోతే బ్యాంకులు లా విద్యార్థులకు ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్ ఉంది, అంటే ఒక పరిమితి లోపల కావలసినంత తీసుకునే అప్పు. దానికి వడ్డీ ఉంటుంది, అది మారుతుంటుంది, చదువుతున్నప్పుడే వడ్డీ కడుతూ ఉండాలి. సాధారణంగా అమ్మానాన్నలు సంతకం పెట్టాల్సి వస్తుంది. బ్యాంకు లక్ష పైన పరిమితి ఇచ్చిందంటే అది మీ డబ్బు అని కాదు.

టేబుల్ మీద మేము వేసిన లెక్క ఇది. 6 శాతం వడ్డీ అనుకుందాం, చదువయ్యాక పదేళ్లలో తీర్చాలి. అప్పు 60 వేల డాలర్లయితే నెలకి దాదాపు 666 డాలర్లు. 1,20,000 అయితే నెలకి దాదాపు 1,332. పదేళ్లయ్యేసరికి ఆ లక్షా ఇరవై వేలకు మొత్తం కట్టింది దాదాపు 1,60,000. మా మేనకోడలు ఆ 1,332 చుట్టూ సున్నా చుట్టి, పక్కన కాల్గరీలో ఒక బెడ్‌రూమ్ అద్దె ఎంతో రాసుకుంది. తనకి చేయాలని ఉన్నది ఫ్యామిలీ లా, అందులోనూ ఇంట్లో హింస ఎదుర్కొనే ఆడవాళ్ల కేసులు. బే స్ట్రీట్‌లో మొదటి ఏడాది జీతం లక్ష డాలర్లు దాటుతుంది, లీగల్ ఎయిడ్ ఆఫీసులో అంత రాదు. అప్పు ఎక్కువైతే పని ఎంచుకునేది మీరు కాదు, అప్పు ఎంచుకుంటుంది. తక్కువ జీతం పని ఎంచుకున్నవాళ్లకు చదువయ్యాక అప్పులో సాయం చేసే పథకం టొరంటో యూనివర్సిటీ లాంటి చోట ఉంది. మీ స్కూల్‌లో ఉందో లేదో, ఎంత ఆదాయం లోపల వర్తిస్తుందో కనుక్కోండి.

ఇంట్లో ఉండి చదివితే అద్దె మిగులుతుంది, నిజమే. దాని ఖరీదు కూడా చూసుకోవాలి. పరీక్షల ముందు రాత్రి చుట్టాలొస్తే, గది తలుపు వేసుకుని చదువుకోవచ్చా? అక్కని ఈ ప్రశ్న సూటిగానే అడిగాను. "నేను కాఫీ కూడా తలుపు బయటే పెడతాను" అంది.

ఐదో మెట్టు: ఊరు, దూరం, చలి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు, కానీ ఒక్క సంగతి చెప్పాలి. టొరంటో నడిబొడ్డున ఆస్గూడ్ హాల్ అనే పాత భవనం ఉంది, ఇనుప గేట్లు, పచ్చిక, మెట్రో స్టేషన్ పేరు కూడా ఆస్గూడే. అక్కడ ఉండేది ఒంటారియో లా సొసైటీ, అప్పీళ్ల కోర్టు. ఆస్గూడ్ లా స్కూల్ ఉండేది ఊరికి ఉత్తరాన యార్క్ యూనివర్సిటీ కీల్ క్యాంపస్‌లో. అదే మెట్రో లైన్ మీద యార్క్ యూనివర్సిటీ స్టేషన్‌లో దిగాలి. గదిని డౌన్‌టౌన్‌లో తీసుకుని రోజూ అటూ ఇటూ తిరిగినవాళ్లను చూశాను. ఇంకో పేరు తికమక: డల్‌హౌసీ లా స్కూల్ పేరు షూలిక్, యార్క్‌లోని బిజినెస్ స్కూల్ పేరు కూడా షూలిక్కే. రెండూ వేరు, వేరు ఊళ్లలో ఉన్నాయి.

వీలైతే ఒక్కసారైనా ఆ ఊరు వెళ్లి చూడండి. వెళ్లలేకపోతే మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఆరు గంటల తర్వాత లైబ్రరీ నుంచి మీరు ఉండబోయే ఇంటికి బస్సు ఎంతసేపటికి ఒకటి ఉందో మ్యాప్‌లో చూడండి. జనవరిలో మైనస్ ఇరవైలో ఆ బస్ స్టాప్‌లో నిలబడాల్సింది మీరే.

ఆరో మెట్టు: స్కూల్ లోపల ఏముంది?

బ్రోచర్‌లో ఫొటోలు అన్ని చోట్లా ఒకేలా ఉంటాయి. నేను చూసేది లీగల్ క్లినిక్. విద్యార్థులు లాయర్ల పర్యవేక్షణలో పేదవాళ్ల నిజమైన కేసులు చూసే చోటు అది. ఆస్గూడ్ విద్యార్థులు పనిచేసే పార్క్‌డేల్ క్లినిక్ 1971 నుంచి ఉంది, డల్‌హౌసీ లీగల్ ఎయిడ్ 1970 నుంచి. కాల్గరీలో విద్యార్థులు నడిపే స్టూడెంట్ లీగల్ అసిస్టెన్స్ ఉంది. క్లినిక్ ఉందా అన్నది ప్రశ్న కాదు. మొదటి ఏడాదివాళ్లను తీసుకుంటారా, ఎంతమంది అడిగితే ఎంతమందికి దొరుకుతుంది, క్రెడిట్లు వస్తాయా అన్నవి ప్రశ్నలు. మా మేనకోడలి లాంటి లక్ష్యం ఉన్నవాళ్లకు ఇది ర్యాంకుల కంటే చాలా ముఖ్యం.

రెండోది, కెరీర్ ఆఫీసు. "పోయిన బ్యాచ్‌లో చదువైపోయే నాటికి ఆర్టిక్లింగ్ దొరకనివాళ్లు ఎంతమంది? వాళ్లకు మీరు ఏం చేశారు?" అని అడగండి. అంకె చెప్పగలిగేవాళ్లు ఒక రకం, "మా విద్యార్థులు చాలా బాగా రాణిస్తున్నారు" అనేవాళ్లు ఇంకో రకం.

ఏడో మెట్టు: ఇద్దరితో మాట్లాడండి, పది మందితో కాదు

ఒక రెండో ఏడాది విద్యార్థి, మూడు నాలుగేళ్ల కింద అక్కడ చదివి ఇప్పుడు మీరు కోరుకునే పనిలో ఉన్న ఒక లాయర్. ఈ ఇద్దరు చాలు. లింక్డ్‌ఇన్‌లో నాలుగు వాక్యాల సందేశం పెట్టండి. మా మేనకోడలు ఆరుగురికి పెడితే ముగ్గురు జవాబిచ్చారు. వాళ్లలో ఒకావిడ ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడింది. అడగాల్సింది "స్కూల్ ఎలా ఉంది?" అని కాదు, "మళ్లీ ఎంచుకోవాల్సి వస్తే ఏం చేస్తారు, ఎందుకు?" అని. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే ఆప్యాయంగానే చెబుతారు. కానీ చాలామందికి ఇంజనీరింగ్, నర్సింగ్ దారులు తెలిసినట్టు ఈ దారి తెలియదు, వినికిడి మాట సలహాగా వచ్చేస్తుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా వచ్చేవాళ్లకు

మీ లెక్క వేరు. ఇంటర్నేషనల్ ఫీజు చాలా చోట్ల కెనడావాళ్ల ఫీజుకి రెండింతల దాకా, కొన్ని చోట్ల ఇంకా పైనే. బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్ సామాన్యంగా పౌరులకూ పీఆర్ ఉన్నవాళ్లకే. కాబట్టి పైన చెప్పిన నెల కిస్తీ లెక్కని ఇండియా ఎడ్యుకేషన్ లోన్ వడ్డీతో, రూపాయి విలువతో మళ్లీ వేసుకోండి. స్టడీ పర్మిట్‌కి చాలామందికి ప్రావిన్సు ఇచ్చే అటెస్టేషన్ లెటర్ కావాలి, అది స్కూల్ ద్వారానే వస్తుంది. డిపాజిట్ కట్టిన ఎన్ని రోజులకి ఇస్తారో ప్రతి ఆఫర్ దగ్గరా అడగండి. ఆ లెటర్ ఆలస్యమైతే సెప్టెంబర్‌కి చేరలేరు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలకి మించి పని చేయడానికి లేదు. మొదటి ఏడాది లా చదువుతూ అసలు ఆ గంటలు కూడా పెట్టుకోవద్దని నా సలహా. పెళ్లయినవాళ్లకు ఒక ఊరట: భార్యాభర్తల వర్క్ పర్మిట్ నియమాలు 2025లో బిగించినా, మినహాయింపు ఇచ్చిన వృత్తి కోర్సుల జాబితాలో జేడీ ఉంది.

"పౌరసత్వం లేకపోతే ఇక్కడ లాయర్ కానివ్వరట కదా" అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఒకప్పుడు బ్రిటిష్ కొలంబియాలో ఆ నియమం ఉండేది. 1989లో ఆండ్రూస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అది సమానత్వ హక్కుకి విరుద్ధమని చెప్పింది. మనలాంటివాళ్లు ఇక్కడ నల్లకోటు వేసుకోగలుగుతున్నామంటే ఆ తీర్పు పుణ్యమే. లా స్కూల్‌లో చేరాక రాజ్యాంగం క్లాసులో అది ఎలాగూ చదువుతారు.

ఆఖరి మెట్టు: ఒప్పుకోవడం, వదులుకోవడం

వెయిట్‌లిస్టులో ఉన్న స్కూల్ మీద నిజంగా మనసుంటే, మీకు ఆ ఊరితో ఉన్న సంబంధం చెబుతూ ఒక పేజీ ఉత్తరం పంపండి, ఒక్కసారే. ఆగస్టులో కూడా పిలుపులు వస్తాయి. అప్పటికి మీరు అద్దె ఒప్పందం చేసుకుని ఉంటారు కాబట్టి, ఆఖరి క్షణంలో పిలిస్తే వెళ్తారా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఏడాది ఆగాలనుకుంటే సీటు వాయిదా కోరవచ్చు, అన్ని స్కూళ్లూ ఒప్పుకోవు, ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి. స్కాలర్‌షిప్ కూడా వాయిదా పడుతుందా పోతుందా అన్నది విడిగా అడగాలి.

ఆ రోజు సాయంత్రానికి కాగితం మీద మూడు గళ్లు నిండాయి. డల్‌హౌసీ ముందే తప్పుకుంది, స్కూల్‌లో లోటేమీ లేదు, తను పని చేయబోయే ఊరికి అది మరీ దూరం. ఆస్గూడ్‌కీ కాల్గరీకీ మధ్య మూడేళ్ల మొత్తంలో తేడా చూసి బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "అంత తేడానా?" అన్నారు. కాసేపాగి "క్లినిక్ సంగతి కనుక్కున్నావామ్మా?" అని తనని అడిగారు. తను ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ చెప్పినవన్నీ నాన్నకి వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

రెండు రోజులాగి కాల్గరీకి ఒప్పుకుంటున్నట్టు పంపింది. ఆ రాత్రే మిగతా రెండు చోట్లా వద్దని చెప్పేసింది. గడువు ఇంకా ఉంది కదా, తొందరేమిటన్నాను. "నా సీటు కోసం ఎవరో నాలాగే నిద్ర పట్టకుండా ఉంటారు కదా మావయ్యా" అని లాప్‌టాప్ మూసేసింది.